మంచునేలను పట్టుకుని బతికే లార్చ్ అడవి

సైబీరియా అడవుల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. భూమి వేడెక్కుతోందంటున్నారు కదా, అంత చలి ప్రాంతంలో చలి కాస్త తగ్గితే చెట్లకు మంచిదే కదా అని. ఆ తర్కం నాకు అర్థమవుతుంది. మొక్కకు వెచ్చదనం కావాలి, అక్కడ దానికే కరువు, కాబట్టి ఎంత పెరిగితే అంత మేలు. కానీ అక్కడ ఎక్కువగా పెరిగే లార్చ్ అనే సూదాకుల చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో తెలియాలంటే చెట్టును కొమ్మల వైపు నుంచి కాక వేళ్ల వైపు నుంచి చూడాలి.

ముందుగా ఆ చోటు సంగతి. రష్యా ఈశాన్యాన సఖా రిపబ్లిక్ ఉంది. యకూతియా అనే పేరు కూడా ఇప్పటికీ వాడుకలో ఉంది. లేనా నది ఒడ్డున ఉన్న దాని రాజధాని యకూత్‌స్క్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 38 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. జూలైలో సగటు 19 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం ఎండ 30 దాటే రోజులూ ఉంటాయి. ఇంకా ఉత్తరాన ఉన్న వెర్ఖోయాన్‌స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైంది. అదే ఊళ్లో 2020 జూన్ 20న 38 డిగ్రీల ఎండ కాసింది. ఒకే జాతి చెట్టు ఈ రెండు కొసలనూ తట్టుకోవాలి.

నన్ను అంతకంటే ఆశ్చర్యపరిచిన అంకె వానది. యకూత్‌స్క్‌లో వాన, మంచు అన్నీ కలిపి ఏడాదికి సగటున 240 మిల్లీమీటర్లు మాత్రమే కురుస్తుంది. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలో సగటు 550 మిల్లీమీటర్లు. అందులో సగం కూడా అక్కడ లేదు. ఆ నీటికి గడ్డి మొలవాలి గాని అడవి మొలవకూడదు. అయినా యెనిసేయ్ నదికి తూర్పున, పసిఫిక్ సముద్రం వైపు ఎంత దూరం వెళ్లినా కనిపించేది ప్రధానంగా లార్చ్ అడవే. రష్యా అడవుల్లో ఇంత విస్తీర్ణం మరే చెట్టుకూ లేదు. పడమటి భాగంలో సైబీరియా లార్చ్, దానికి తూర్పున గ్మెలిన్ లార్చ్, ఇంకా ఈశాన్యాన కయాండర్ లార్చ్. మూడూ దగ్గరి బంధువులు. సఖా ప్రజలు ఈ చెట్టును తీత్ అంటారు. గుర్రాలను కట్టే చెక్కడపు స్తంభాలు, పాతకాలపు ఇళ్లు అన్నీ దీని కలపతోనే చేసుకున్నారు.

ఆకు రాల్చే సూదిచెట్టు

దేవదారు, పైన్, స్ప్రూస్ లాంటి సూదాకుల చెట్లు చాలావరకు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. లార్చ్ అలా ఉండదు. సెప్టెంబరు వచ్చేసరికి దాని సూదులన్నీ పసుపు తిరిగి, కొండలకు కొండలే బంగారు రంగులోకి మారిపోతాయి. కొద్ది రోజుల్లో అంతా రాలి మోడులు మిగులుతాయి. రష్యన్ భాషలో దీని పేరు కూడా ఆకు అనే మాట నుంచే పుట్టింది.

చలికి తట్టుకోలేక రాలుస్తుందని అనుకుంటాం. అసలు కారణం దాహం. నల్లమలలో టేకు చెట్టు ఎండాకాలం ముందే ఆకు రాల్చేది నేలలో నీరు తగ్గిపోతుంది కనుక. లార్చ్‌కు నీటి కరువు శీతాకాలంలో వస్తుంది. నీరు నేలలోనే ఉంటుంది, కానీ రాయిలా గడ్డకట్టి ఉంటుంది. మార్చిలో ఎండ బలపడుతుంది, నేల ఇంకా కరగదు. అప్పుడు ఆకులుంటే ఎండకు తేమ పోగొట్టుకుంటాయి, వేళ్లు ఆ లోటు పూడ్చలేవు. ఆకే లేకపోతే ఆ బాధ లేదు.

మరి కాండం సంగతి? అందులోని బతికున్న కణాల్లో నీరు గడ్డకడితే మంచు పలుకులు కణాన్ని చీల్చేస్తాయి. శరదృతువులో చలి నెమ్మదిగా ముదురుతున్నప్పుడు ఈ కణాలు తమలోని నీటిని బయటి ఖాళీల్లోకి వదులుతాయి. మంచు అక్కడ కడుతుంది. లోపల చక్కెరలు చిక్కబడి, కణం ముడుచుకుని, ప్రాణంతో మిగులుతుంది. ఇలా గట్టిపడిన చెట్టుకు మైనస్ 60 పెద్ద ప్రమాదం కాదు. మొగ్గ విచ్చాక జూన్‌లో వచ్చే ఒక్క రాత్రి గడ్డుచలి దానికంటే ఎక్కువ నష్టం చేయగలదు. చలిని కొలిచేటప్పుడు డిగ్రీలతో పాటు అది పడిన తేదీని కూడా చూడాలి.

ఏటా కొత్త ఆకు తొడగడం ఖర్చుతో కూడిన పని. దానికి నత్రజని కావాలి, ఆ నేలల్లో దొరకనిది అదే. అందుకే రాలే ముందు సూదుల్లోని నత్రజనిలో చాలా భాగాన్ని చెట్టు కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. ఆ బంగారు రంగు ఈ పొదుపు సాగుతున్నదనడానికి గుర్తు.

లార్చ్ చూడాలంటే సైబీరియా దాకానే వెళ్లాలని లేదు. సిక్కింలోనూ అరుణాచల్‌లోనూ హిమాలయాల ఎత్తుల్లో దీని బంధువు ఒకటి పెరుగుతుంది, దాన్ని సిక్కిం లార్చ్ అంటారు. అదీ ఆకు రాల్చేదే. కానీ దానికి రుతుపవనాల తడి ఉంది. సైబీరియాలోని లార్చ్‌కు నీరు అందే దారి మరొకటి.

పార తగిలే చోటు

జూలై చివర్లో యకూత్‌స్క్ దగ్గరి లార్చ్ అడవిలో ఒక గుంట తవ్వుతున్నామనుకోండి. పైన మెత్తటి నాచు, దానిలో అల్లుకున్న లింగన్‌బెర్రీ పొదలు. నాచు ఎత్తితే కింద సగం కుళ్లి, సగం కుళ్లని సూదుల పొర, ముదురు గోధుమ రంగులో చల్లగా తగులుతుంది. దాని కింద బూడిద రంగు ఒండ్రు. మోకాలి లోతు దాటాక చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఇంకా తవ్వితే మీటరు, మీటరున్నర లోతులో పార ఠంగున మోగుతుంది. రాయి కాదు, గడ్డకట్టిన మట్టి. పైన ముప్ఫై డిగ్రీల ఎండ, కింద వేల ఏళ్లుగా కరగని నేల. దీన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. రష్యా భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ నేలే.

ఎంత లోతుకు గడ్డకట్టి ఉంటుందో మొదట తెలిసింది ఒక బావి వల్ల. ఫ్యోదర్ షెర్గిన్ అనే వర్తక సంస్థ అధికారి 1828లో యకూత్‌స్క్‌లో నీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. దాదాపు పదేళ్లు తవ్వి 116 మీటర్లు దిగినా నీరు పడలేదు, అడుగున కూడా నేల గడ్డకట్టే ఉంది. 1840లలో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ బావిలో వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచాడు. పర్మాఫ్రాస్ట్ శాస్త్రానికి అది తొలి మెట్టు. ఆ బావి ఇప్పటికీ ఉంది.

ఆ గడ్డకట్టిన పొర చెట్టుకు చేసే మేలు ఇది: నీటిని కిందికి జారనివ్వదు. మామూలు నేలలో వాన నీరు లోతుకు ఇంకిపోయి వేళ్లకు దూరమవుతుంది. ఇక్కడ కింద చెరువు గట్టులాంటి అడ్డుంది. కురిసిన 240 మిల్లీమీటర్లూ, కరిగిన మంచూ పై మీటరులోనే నిలిచి ఉంటాయి. శరదృతువులో పడ్డ వాన కూడా అక్కడే గడ్డకట్టి, మరుసటి ఏడాది వేసవిలో పొర పొరగా కరుగుతూ వేళ్లకు అందుతుంది. యకూత్‌స్క్ దగ్గర స్పాస్కయా పాద్ అనే పరిశోధన కేంద్రంలో జపాన్, రష్యా శాస్త్రవేత్తలు చెట్టు లోపలి నీటి ఐసోటోపులు, అంటే ఒకే మూలకానికి వేర్వేరు బరువులున్న రూపాలు, కొలిచి ఆ నీరు ఎక్కడిదో చూశారు. వాన బాగా పడిన వేసవిలో లార్చ్ వాన నీరే తాగింది. వాన ముఖం చాటేసిన వేసవిలో కింద కరిగిన మంచు నీటితో నెట్టుకొచ్చింది. అంటే ఈ అడవికి భూమి కిందనే ఒక చెరువు ఉంది.

ఈ మాట ఎంత నిజమో కొండవాలులే చెబుతాయి. వెర్ఖోయాన్‌స్క్ ప్రాంతంలో ఉత్తరం వైపు వాలు మీద, అంటే చల్లగా, నీడగా ఉండే చోట లార్చ్ అడవి ఉంటుంది. దక్షిణం వైపు ఎండ బాగా పడే నిటారు వాలుల మీద కొన్నిచోట్ల చెట్టే ఉండదు, ఎండిన గడ్డి ఉంటుంది. వెచ్చదనమే కొరత అయితే ఎండ వాలు మీదే అడవి దట్టంగా ఉండాలి. కానీ అక్కడ నేల లోతుగా కరిగి, తేమ ఆరిపోతుంది.

మేలు చేసే మంచే ఆకలికీ కారణం

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. కానీ నీటిని కాపాడే ఆ చల్లదనమే చెట్టును పస్తులుంచుతుంది. సున్నాకు కొద్ది డిగ్రీల పైన ఉన్న మట్టిలో వేళ్లు నీటిని పీల్చడమే కష్టం. ఆకులను కుళ్లబెట్టి నత్రజనిని విడుదల చేసే సూక్ష్మజీవులు అక్కడ చాలా నెమ్మదిగా పనిచేస్తాయి. నేల నిండా నత్రజని ఉన్నా అది కుళ్లని సూదుల్లో బందీగా ఉంటుంది. వేళ్లు కిందికి దిగలేవు కనుక పక్కలకు పాకుతాయి. కొమ్మల పందిరి కంటే వేళ్ల పరుపు కొన్ని రెట్లు వెడల్పు ఉంటుంది. పైకి చూస్తే చెట్లు దూరం దూరంగా, ఖాళీగా కనిపిస్తాయి. నేలలో మాత్రం వేళ్లు ఒకదాని చోటుకు ఒకటి పోటీపడుతూ ఉంటాయి.

మధ్య సైబీరియాలో తూరా అనే ఊరి చుట్టుపక్కల దీన్ని వివరంగా గమనించారు. అక్కడ వందేళ్లు దాటినా మణికట్టు లావు కూడా రాని చెట్లున్నాయి. ఒక మంట కాలిన తర్వాత అడవి తిరిగి మొలిచిన క్రమం చూస్తే సంగతి బోధపడుతుంది. మంట నాచును, చెత్తను కాల్చేస్తుంది. నేల నల్లబడి ఎండను పీల్చుకుంటుంది, కరిగే పొర లోతవుతుంది. బయటపడిన మట్టి మీద లార్చ్ గింజలు బాగా మొలుస్తాయి, బూడిద ఎరువవుతుంది. మొదటి కొన్ని దశాబ్దాలు చెట్టు హాయిగా పెరుగుతుంది. తర్వాత నాచు మళ్లీ పరుచుకుంటుంది. అది మంచి దుప్పటి. వేసవి వేడిని కిందికి పోనివ్వదు. ఏటేటా కరిగే పొర పలచబడుతుంది, వేళ్ల కింద మంచు పైకి వస్తుంది, పెరుగుదల మందగిస్తుంది. గాలి ఉష్ణోగ్రతలో మార్పేమీ లేకుండానే ఇదంతా జరుగుతుంది. మళ్లీ మంట వచ్చే దాకా ఇంతే. ఈ అడవికి మంట శత్రువని ఒక్క మాటలో చెప్పలేం. ఎన్నేళ్లకు ఒకసారి వస్తుంది, ఎంత లోతుగా కాలుస్తుంది అన్నదే అసలు విషయం.

వలయంలో రాసి ఉన్నది

పెరగడానికి ఆ చెట్టుకు దొరికే కాలం ఎంత? యకూత్‌స్క్ దగ్గర మే చివర్లో మొగ్గ విచ్చుతుంది, సెప్టెంబరు మొదట్లో ఆకు పండుతుంది. ఉత్తరాన తైమిర్ ద్వీపకల్పంలో, 72 డిగ్రీల అక్షాంశం దాటాక ఉన్న ఆరీ-మాస్ అడవిలో అంతకూడా లేదు. ప్రపంచంలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న అడవుల్లో అది ఒకటి. అక్కడ కాండం లావెక్కే పని కొద్ది వారాల్లో ముగిసిపోతుంది.

అలాంటి చెట్టు కాండం నుంచి తీసిన సన్నటి ముక్కను భూతద్దం కింద పెడితే ఏడాదికో గీత, అంటే ఒక వలయం, కనిపిస్తుంది. ప్రతి గీతలో రెండు భాగాలు. జూన్‌లో ఏర్పడినది లేత రంగులో, పెద్ద పెద్ద కణాలతో ఉంటుంది. ఆ కణాలు నీటిని పైకి తీసుకుపోయే గొట్టాలు. వేసవి చివర్లో ఏర్పడినది ముదురు రంగులో, మందపు గోడలతో ఉంటుంది, అది చెట్టుకు బలం. వేసవి చల్లగా గడిస్తే ఆ ముదురు గీత పాలిపోతుంది. మధ్యలో గడ్డుచలి కొడితే కణాలు నలిగి మెలికలు తిరిగి ఉంటాయి. క్రీ.శ. 536లో భారీ అగ్నిపర్వత విస్ఫోటనం తర్వాత ఎండ మసకబారిన వేసవుల జాడ ఉత్తర సైబీరియా, మంగోలియా చెట్ల వలయాల్లో ఉంది. పడమటి సైబీరియాలో యమాల్ ద్వీపకల్పపు నదీతీరాల్లో పూడుకుపోయిన పాత లార్చ్ దుంగలను ఇప్పటి చెట్లతో వలయానికి వలయం జోడించి, 7,600 ఏళ్లకు పైబడిన వేసవుల వరుసను శాస్త్రవేత్తలు కూర్చారు. చలికి కుళ్లని దుంగలు ఇంత కథను దాచిపెట్టాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఉత్తరపు అంచున వెచ్చని వేసవి అంటే వెడల్పయిన వలయం. మొదట్లో అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు చాలావరకు అవుననే. కానీ అక్కడ కూడా ఒక మెలిక ఉంది. 1999లో శాస్త్రవేత్త ఎవ్గేనీ వగనోవ్, ఆయన సహచరులు దాన్ని చూపించారు. శీతాకాలంలో మంచు ఎక్కువ కురిస్తే అది కరగడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మంచు పోయే దాకా నేల వెచ్చబడదు, కాండం పని మొదలుపెట్టదు. ఆ లోపు జూన్‌లో కాసిన మంచి ఎండ వృథా అవుతుంది. వేసవి వేడెక్కినా, మొదలు ఆలస్యమైతే పెరుగుదల ఆ మేరకు పెరగదు. ఎండకూ పెరుగుదలకూ మధ్య శీతాకాలపు మంచు వచ్చి నిలబడుతుంది.

వేడి పెరిగితే ఏమవుతోంది

ఇక ఉత్తరపు అంచు వదిలి మధ్య యకూతియాకు వస్తే జవాబు మారిపోతుంది. అక్కడ వేసవి గాలి అసలే పొడి. వేడి పెరిగేకొద్దీ గాలి ఆకుల నుంచి ఇంకా ఎక్కువ తేమను లాగుతుంది. చెట్టు పత్రరంధ్రాలు మూసుకుంటుంది. నీటి నష్టం ఆగుతుంది, దాంతోపాటే ఆహారం తయారీ కూడా ఆగుతుంది. వెచ్చని వేసవి సన్నటి వలయాన్ని మిగల్చడం అక్కడ వింత కాదు.

దీనికి పూర్తిగా ఎదురు దిశలోనూ దెబ్బ తగలగలదు. 2005 నుంచి 2008 దాకా ఆ ప్రాంతంలో వానలు, మంచు మామూలు కంటే బాగా ఎక్కువ పడ్డాయి. కరువు ప్రాంతపు అడవికి వాన వరమే అనుకుంటాం. కానీ కింద గడ్డకట్టిన పొర ఉంది, నీరు పోయే దారి లేదు. తడి నేల వేడిని కిందికి తేలిగ్గా మోస్తుంది కనుక మంచు ఇంకా లోతుగా కరిగి, ఆ నీరూ వచ్చి చేరింది. వేళ్లు నెలల తరబడి నీళ్లలో నానాయి, వాటికి గాలి అందలేదు. స్పాస్కయా పాద్ అడవిలో పల్లపు చోట్ల ఆకు గోధుమ రంగుకు తిరిగి లార్చ్ చెట్లు నిలువునా చచ్చిపోయాయి. ఎండకు బతికి బయటపడిన చెట్లు నీళ్లలో మునిగి పోయాయి. ఆ చెరువు నిండుగా ఉండాలి, పొంగకూడదు. ఈ అడవి అంత సన్నటి హద్దు మీద నిలబడి ఉంది.

మంటల సంగతి చెప్పనక్కరలేదు. 2021 వేసవిలో యకూతియాలో సుమారు 80 లక్షల హెక్టార్లు కాలాయి. ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణంలో సగమంత. ఆ పొగ ఉత్తర ధ్రువం దాకా వెళ్లింది. పైన చెప్పిన మంటల క్రమంలో నేల కోలుకోవడానికి దశాబ్దాల వ్యవధి ఉండేది. నాచు తిరిగి పరుచుకునే లోపే, లేత చెట్లు గింజ పట్టే లోపే మళ్లీ కాలితే ఆ క్రమం తెగిపోతుంది.

నేలలో ఎంత మంచు ఉందన్నదాన్ని బట్టి తర్వాతి కథ ఉంటుంది. ఇసుక నేలలో మంచు తక్కువ, కరిగినా పెద్ద మార్పు రాదు. ఒండ్రు నేలలో కొన్నిచోట్ల మట్టి కంటే మంచే ఎక్కువ. పైనున్న అడవి పోతే నీడ పోతుంది, నాచు దుప్పటి పోతుంది. మంచు కరిగి నేల కుంగుతుంది. అంచున ఉన్న చెట్లు తూలుతున్నట్టు తలో వైపు ఒరుగుతాయి. గుంటలో నీరు చేరి చెరువవుతుంది, శతాబ్దాలకు ఆ చెరువు ఎండి గుండ్రటి పచ్చిక బయలవుతుంది. సఖా భాషలో దాన్ని ఆలాస్ అంటారు. వాళ్ల ఆవులు, గుర్రాలు మేసేదీ, పల్లెలు వెలసిందీ అక్కడే. ఆ క్రమం నెమ్మదిగా సాగినంత కాలం మనుషులు దానితో కలిసి బతికారు.

వేగం పెరిగితే ఎలా ఉంటుందో వెర్ఖోయాన్‌స్క్ జిల్లాలోని బతగాయ్ గోతిని చూస్తే తెలుస్తుంది. 1960ల ప్రాంతంలో అక్కడ ఒక వాలు మీది లార్చ్ అడవిని తొలగించారు. ఎండ తగిలిన నేల కరగడం మొదలైంది, వాన నీరు కోసింది. ఆ కోత ఆగలేదు. ఇవాళ అది కిలోమీటరు పొడవున్న గొయ్యి, దాని నిలువు గోడ యాభై మీటర్ల ఎత్తు దాటింది, ఏటా మీటర్ల కొద్దీ వెనక్కి జరుగుతూ పైనున్న అడవిని మింగుతోంది. ఆ గోడ అడుగున బయటపడిన మంచు ఆరున్నర లక్షల ఏళ్ల నాటిది. మధ్యలో వచ్చిపోయిన వెచ్చని యుగాలన్నిటినీ తట్టుకున్న మంచు, పైనున్న చెట్లు కొట్టేశాక ఒక మనిషి జీవితకాలంలో కరుగుతోంది. 2018లో ఆ గోతిలో 42,000 ఏళ్ల నాటి గుర్రపు పిల్ల దొరికింది, చర్మమూ వెంట్రుకలూ చెడలేదు. ఆ మట్టిలో అలా నిలవ ఉన్న వేళ్లు, గడ్డి, ఎముకలు కరిగిన చోటల్లా కుళ్లి కార్బన్ డయాక్సైడ్‌గా, మీథేన్‌గా గాలిలో కలుస్తాయి. ఉత్తరార్ధగోళపు పర్మాఫ్రాస్ట్ నేలల్లో ఉన్న కార్బన్ వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు.

మరో మార్పు నిశ్శబ్దంగా సాగుతోంది. లార్చ్ రాజ్యపు పడమటి, దక్షిణపు అంచుల్లో స్ప్రూస్, సైబీరియా పైన్ మొక్కలు లోపలికి చొరబడుతున్నాయి. అవి ఆకు రాల్చవు. శీతాకాలంలో మోడువారిన లార్చ్ అడవిలో తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. ముదురు పచ్చని అడవి ఆ ఎండను పీల్చుకుని చుట్టూ గాలిని వేడెక్కిస్తుంది. ఒక చెట్టు స్థానంలో మరో చెట్టు రావడం అనే చిన్న విషయం తిరిగి వాతావరణాన్నే మారుస్తుంది.

స్పాస్కయా పాద్‌లో లార్చ్ చెట్లు చచ్చిన పల్లంలో నేల బోడిగా మిగలలేదు. పందిరి పలచబడి ఎండ కిందికి దిగింది. తడిని ఓర్చుకునే గడ్డి, విల్లో, బర్చ్ పొదలు లేచాయి. అడవి మొత్తంగా గాలిలోకి వదిలే తేమ లెక్క కడితే లార్చ్ తగ్గించిన దానిలో చాలా భాగాన్ని ఈ కింది మొక్కలే పూడ్చాయని కొలతల్లో తేలింది. వాటి మధ్య బెరడు ఊడిన లార్చ్ మోడులు నిలబడి ఉన్నాయి.